కొరియాలిపియందుఁ బదప్రత్యభిజ్ఞ

పదము కంటఁబడినంతనే దాని నెఱుఁగుటకు మనస్సు దేని నాధారముగాఁ గొనును? వర్ణమునా, యుచ్చారణాంశమునా, పదమంతటినా? ఈ ప్రశ్నమును విచారించువారికిఁ గొరియాలిపి చక్కని పరీక్షాస్థానము. అందు వర్ణములు వేఱువేఱుగాఁ గానవచ్చును. అయినను నవి వరుసగాఁ బేర్పఁబడక, యొక్కొక్క యుచ్చారణాంశమున కొక్కొక్క చతురస్రకూటముగాఁ గూర్పఁబడును.

ఈ లిపిని సేజోంగ్ రాజు 1443లోఁ గల్పించి 1446లోఁ బ్రకటించెను. నాఁటి వర్ణములు 28. నేఁటి మూలవర్ణములు 24. కూటమున నాదిహల్లు, అచ్చు, అంత్యహల్లు అని మూఁడు స్థానములు. అంత్యహల్లు దిగువ నుండును. ఇట్లు నేఁ డేర్పడఁగల కూటములు 11,172. మన 'అక్క' శబ్దమున మొదటి కకారము పూర్వాచ్చును గురువు చేయుచున్నను, వ్రాతలోఁ బరాక్షరమునఁ జేరును. కొరియావ్రాతలో నట్టి హల్లు పూర్వకూటమునందే నిలుచును.

స్థాననియమముచే నొక విశేషము కలిగినది. ఇంగ్లీషు పదములలో లోపలి రెండు వర్ణములు తాఱుమాఱైనను జదువరి తఱచుగాఁ బదమును గుర్తించును. కొరియాపదములం దట్టి సడలింపు కానరాదని లీ, టాఫ్ట్ అనువారు 2009లోను, రాస్టల్ మొదలగువారు 2019లోను జూపిరి. కారణము సుగమము. 'సన్' అనఁగాఁ గొండ. ఆద్యంతహల్లులు మార్చిన 'నస్' అను వ్రాత యగును. అది 'నత్' అని పలుకఁబడును, అర్థము కొడవలి.

ఇఁక ముఖ్యాంశము. కంటి కూటమును జెవి కూటమును నెల్లప్పుడు నొకటి కావు. 1933 నాఁటి వర్ణక్రమనిర్ణయము ప్రకృతిరూపమును వ్రాతలో నిలుపుట ప్రధానముగాఁ గొనెను. వెల యను నర్థముగల 'గప్స్' శబ్దము ప్రత్యయభేదముచే 'గప్సి', 'గప్తో', 'గమ్మన్' అని వినఁబడును. వ్రాతలో మాత్రము ప్రకృతి యొక్కటియే. అట్లే చారు అను నర్థమున 'గుక్-ముల్' అని వ్రాసి 'గుఙ్ముల్' అని చదువుదురు. మనము వాక్, మయ అను వానిని సంధించి 'వాఙ్మయ' మని వ్రాయుదుము. వారు సంధిని నోటికి విడిచి, పదచ్ఛేదమును గంటికిఁ జూపుదురు. వారి వ్రాత పదపాఠము, వారి పలుకు సంహితాపాఠము అనవచ్చును.

అయినచోఁ జదువరి దేని ననుసరించును? తొలి యుచ్చారణాంశము బహుపదసాధారణమైనచోఁ బదనిర్ణయ మాలస్యమగునని స్పానిషుభాషయందు 1993లోఁ గనుఁగొనిరి. ఆ యంశముగల పదములన్నియు మనస్సున మేల్కొని పోటీపడుటయే హేతువని వారి తాత్పర్యము. కొరియాభాషయందుఁ గంటి కూటమును జెవి కూటమును విడఁదీసి పరీక్షింపఁగా, నీ యాలస్యము చెవి కూటమువలనఁ గలుగునని 2011లోఁ బ్రకటింపఁబడినది. దీనిని బట్టి 'గుక్-ముల్' పదమునకుఁ బోటీ, కంటికి సమానమైన 'గుక్-గ' (రాజ్యము) కంటె, చెవికి సమానమైన 'గుఙ్జొన్' (రాజమందిరము) వలన నని యూహింపవలెను.

కావున నిశ్శబ్దముగాఁ జదువుచున్నను జదువరి పలుకును విడువఁడు. వ్రాత పదపాఠమైనను మనస్సు సంహితను వినుచునే యుండును. అట్లని వ్రాత పలుకు ననుసరింపవలె ననుట యుక్తము కాదు. 'గప్సి', 'గప్తో', 'గమ్మన్' అని మూఁడు విధముల వ్రాసినచోఁ బ్రకృతి కంటికి మఱుఁగగును. ఉచ్చారణమే యక్షరశిక్షణమున కేకైకప్రమాణ మనువారును, వర్ణక్రమమే చాలు ననువారును నీ రెంటిని గూడ నాలోచింపవలెను. బాలునకుఁ బదచ్ఛేదమును జూపుఁడు, సంధిని వినిపింపుఁడు.