పేరు ఆశీర్వాదం... కానుక పిడికెడు బియ్యం

డోర్నకల్: ఈ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవుల పేర్లు వింటే కొత్తవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఆశీర్వాదం, దేవదానం, కృపావరం, దైవసహాయం, వందనం, సంతోషం, దయామణి. ఇంటిపేర్లు మాత్రం పాతవే. తాత ముత్తాతల నుంచి వచ్చినవే. యోహాను వంటి బైబిలు పేర్లు ఉన్నా, అచ్చమైన మన మాటలతో పెట్టుకున్న ఈ పేర్లకు ఒక చరిత్ర ఉంది.

మాలపల్లెలోనూ, మాదిగపల్లెలోనూ వెనుకటి రోజుల్లో పిల్లలు పుట్టి పుట్టి పోతూ ఉంటే, ఈసారి పుట్టినవాడైనా దక్కాలని పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అనేవారు. విస్తరాకులో వేసి పుల్లయ్య అనేవారు. అది తల్లి భయం. ఆ పేరును దొర నోట్లో వేసుకునేసరికి పెంటిగాడయ్యేది. వెట్టికి పిలిచినా, తిట్టడానికి పిలిచినా అదే పిలుపు. ఆ మనిషే బాప్తిస్మం తీసుకుని ఆశీర్వాదం అయ్యాడు. గొడ్ల కొట్టం దగ్గర నిలబడి కేకేసే దొర కూడా ఇక 'ఆశీర్వాదం' అనక తప్పలేదు. కోపంతో అన్నా మాట మంచిదే కదా!

పేరు మారినంత మాత్రాన కూలి పెరగలేదు. చెప్పుల్లేకుండా దొర వీధిలో నడవడమూ ఆ రోజే ఆగిపోలేదు. అయితే తనెవరో తనకు తెలియడం అక్కడ మొదలైంది.

తలపై చెయ్యి

డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. కాజీపేట నుంచి విజయవాడ పోయే దారిలో జంక్షన్. కొత్తగూడెం బొగ్గు గనుల వైపు లైను చీలేది ఇక్కడే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇది నిజాం రాజ్యంలో ఒక చిన్న ఊరు. 1903లో తమిళనాట తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ అని ఒకటి పెట్టుకున్నారు. విదేశీ డబ్బు వద్దు, దొరల పెత్తనం వద్దు, మన మనుషులు మన కానుకలతోనే సువార్త పని చెయ్యాలని వారి పట్టుదల. పనికి వారు ఎంచుకున్న చోటు డోర్నకల్. ఆ సొసైటీని నిలబెట్టినవారిలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో పుట్టారు. మాతృభాష తమిళం. పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనకు బిషప్పు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసే వరకు ఆ సంఘంలో ఒక డయాసిస్‌కు అధిపతిగా ఉన్న భారతీయ బిషప్పు ఆయనొక్కరే. అంతకు ముందు 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్లవారి ముఖం మీదే, మీరు మాకు చాలా ఇచ్చారు గానీ స్నేహం ఇవ్వలేదన్న అర్థం వచ్చేలా మాట్లాడిన మనిషి ఆయన. ఊళ్లలో జనం ఆయన్ను బిషప్పు అనేవారు కాదు. 'తండ్రిగారు' అనేవారు.

తండ్రిగారు పల్లెకు వస్తే కొత్తగా బాప్తిస్మం పొందినవారిని వరసగా నిలబెట్టి ఒక పని చేయించేవారు. ఎవరి చెయ్యి వారి తలపై పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే భావంతో పలకాలి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మాట ఇది. వినడానికి చిన్న సంగతే. కానీ ఆ తల ఎలాంటి తలో గుర్తుంచుకోవాలి. తరతరాలుగా దొర ఎదుట వంచిన తల. బరువు మోసిన తల. అంటరానిదని దూరంగా నిలబెట్టిన తల. దాని మీద బాప్తిస్మపు నీళ్లు పడ్డాయని, దాని మీద తన చెయ్యే తను పెట్టుకుని చెప్పడమంటే సామాన్యమా?

ఆ తర్వాత తండ్రిగారు నాలుగు దయ్యాల సంగతి ఎత్తేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. రక్షణ అంటే ఆదివారం పాట పాడి ఇంటికి పోవడం కాదని, ఈ నాలుగింటినీ వాకిట్లోంచి తరమాలని చెప్పేవారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆడవాళ్ల చదువు పని చూసేవారు. పల్లె ఉపదేశి ఒక్కడే నేర్చుకుంటే చాలదు, అతని ఇల్లాలికీ చదువు రావాలన్నది ఆ దంపతుల పద్ధతి.

ముంతలో బియ్యం

ఇక కానుక సంగతి. పూటకు ఇంతని కూలి గింజలు తెచ్చుకునే వాళ్లను దేవుడికి ఇవ్వండని అడగడం న్యాయమేనా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తండ్రిగారు వెనక్కి తగ్గలేదు. ఇవ్వడం మీద ఆయన రాసిన పుస్తకం 'క్రిస్టియన్ గివింగ్' పేరుతో ఇంగ్లీషులో కూడా వచ్చింది. పేదవాడని జాలిపడి అతని దగ్గర ఏమీ తీసుకోకపోతే అతన్ని ఎప్పటికీ చెయ్యి చాచేవాడిగానే ఉంచినట్టు. ఈ వాదంలో బలముంది. ఎప్పుడూ పుచ్చుకునే చేతికి ఊళ్లో విలువుండదు. ఇచ్చే చెయ్యి వేరు. అది పిడికెడే ఇచ్చినా సరే.

ఆ పిడికెడే పద్ధతిగా మారింది. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టి, చేటలోకి గింజలు తీసుకున్నాక అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి మూలనున్న ముంతలో వేస్తుంది. వారమంతా ఇలాగే. ఆదివారం ఆ ముంత గుడికి చేరుతుంది. ఆ రోజుల్లో ఇటువైపు వరి అన్నం పండుగలకే. అందుచేత చాలా ఇళ్లలో ముంతలో పడింది జొన్నలే. మగవాడి చేతిలో డబ్బున్నా లేకున్నా, తాగి వచ్చినా, ఈ కానుక మాత్రం ఆడదాని చేతిలోది. ఇంటి ఖర్చులో ఆమెకంటూ ఒక మాట ఉండేది ఆ ముంత దగ్గరే. ఇప్పటికీ చాలా సంఘాల్లో స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం ఎత్తుతున్నారు. మట్టి ముంత పోయి ప్లాస్టిక్ డబ్బా వచ్చింది, అంతే తేడా.

డోర్నకల్‌లోని కథీడ్రల్‌ చూసినవారికి ఈ కానుకల లెక్క అర్థమవుతుంది. గుమ్మటాలు, మీనార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది. లోపలికి వెళితే స్తంభాల వరస గుడి మంటపంలా ఉంటుంది. సిలువ ఉంది కనుక చర్చి. ఇంగ్లండు చర్చికి నకలు కడితే మన రైతుకు అది పరాయి ఇల్లులా ఉంటుందని తండ్రిగారి ఆలోచన. ఏళ్ల తరబడి పని సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆయన సమాధి కూడా డోర్నకల్‌లోనే ఉంది.

సొరకాయకు వేలం పాట

చూడవలసింది కోత పండుగ. కొన్ని సంఘాలు పంట కూర్పు పండుగ అంటాయి. పంట ఇంటికి చేరాక, ఆయా సంఘాల వీలును బట్టి జరుపుకుంటారు. గుమ్మానికి మామిడాకు తోరణం, స్తంభాలకు చెరుకు గడలు, వరి కంకుల కుచ్చులు. బల్ల ముందు ధాన్యం రాశి, మిరపకాయల సంచి, పత్తి, గుమ్మడికాయలు, అరటి గెల, కోడిగుడ్ల బుట్ట. కాళ్లు కట్టేసిన కోడిపుంజు ప్రసంగం మధ్యలో కూస్తుంది. అయ్యగారు ఆగి, అది కూశాక మళ్లీ మొదలుపెడతారు. వెనక మేకపిల్ల ఉంటే దాని గోల దానిది.

ఆరాధన అయ్యాక వేలం. ఒకటోసారి... రెండోసారి... అని పెద్దమనిషి గొంతెత్తుతాడు. సంతలో పది ఇరవైకి దొరికే సొరకాయ ఇక్కడ వందలు పలుకుతుంది. బేరం తెలియక కాదు. పాడినవాడు దాన్ని మళ్లీ బల్ల మీదే పెడతాడు, ఇంకొకరు మళ్లీ పాడతారు. ఒకే సొరకాయ నాలుగుసార్లు అమ్ముడుపోయిన సందర్భాలు ప్రతి సంఘంలోనూ చెబుతారు. భూమి లేని ముసలమ్మ తెచ్చిన నాలుగు గుడ్లను పట్టుదలకు పాడి ఎక్కువ ధర చేయడంలో ఒక మర్యాద ఉంది. ఆ ధర గుడ్లకు కాదని అందరికీ తెలుసు.

పంట పోయిన ఏడు కూడా ఈ పండుగ ఆగదు. అది వింతగా తోస్తుంది. మిరపకు తెగులు తగిలి, పత్తి వానకు నల్లబడి, కౌలు రైతు వడ్డీకి తెచ్చిన డబ్బు మునిగిన సంవత్సరం ఏమని స్తోత్రం చెప్పాలి? అలాంటప్పుడు హబక్కూకు గ్రంథం మూడో అధ్యాయం చదవడం వాడుక. పొలంలో ఏమీ పండకపోయినా, దొడ్డిలో పశువు లేకపోయినా దేవునిలోనే ఆనందిస్తాననే ప్రార్థన అది. చదివినంత తేలిక కాదు పాటించడం. ఆ ఏడు తెచ్చినవి చింతపండు, మునగాకు, ఇంటి వెనుక కాసిన నాలుగు వంకాయలు. వేలం మాత్రం జరుగుతుంది.

ఈ పండుగకు మూలం ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఉంది. ఇశ్రాయేలు రైతు మొదటి పంటను గంపలో పెట్టి యాజకుడి దగ్గరకు తేవాలి. తెచ్చి ఊరుకోకూడదు. మా పూర్వికుడు దిక్కులేక తిరిగినవాడు, మేము ఐగుప్తులో బానిసలం, మా మొర విని దేవుడు బయటికి తెచ్చి ఈ నేల ఇచ్చాడు, ఇదిగో దాని పంట అని చెప్పాలి. అంటే గంప దించే ముందు తాను ఎవరి బిడ్డో, ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పుకోవాలి. ఆ అధ్యాయం ఇంకో మాట కూడా చెబుతుంది. ఆ సంతోషంలో పరదేశిని కలుపుకోవాలని, అనాథను, విధవరాలిని మరువవద్దని. వెట్టి చేసిన ఇంటివాళ్లకు ఈ భాగం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు కృతజ్ఞత కూడికల తీరు మారుతోంది. కొత్త ఇల్లు, కారు, పిల్లవాడికి అమెరికా వీసా, వీటికే దీవెన అని పేరు. షామియానా, మైకు, బిర్యానీ భోజనం. అప్పుచేసి మరీ కృతజ్ఞత కూడిక పెట్టే ఇళ్లున్నాయి. తండ్రిగారు చెప్పిన నాలుగు దయ్యాల్లో అప్పు ఒకటన్నది మరిచిపోయినట్టుంది. ఇల్లు కట్టలేనివాడికి దేవుడి దీవెన తక్కువన్నట్టు మాట్లాడే బోధకులూ పెరిగారు. పాత సంఘాల పెద్దలకు ఇది నచ్చడం లేదు. నచ్చకపోవడమే సబబు.

లోపలి గోడ, కాగితం మీది గోడ

సంఘం లోపల గోడలు లేవనడం అబద్ధం. ఒక ఊళ్లో ముందు మాలలు కలిస్తే, తర్వాత మాదిగలు వస్తామన్నప్పుడు ముఖం చిట్లించుకున్న సంగతి తండ్రిగారి కాలం నుంచీ ఉన్నదే. ఆయన దానితో జీవితాంతం పోరాడారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం ఏర్పడి ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు ఒక్కటయ్యారు. దానికోసం ఎంతో పాటుపడిన అజరయ్య ఆ రోజు చూడలేదు. సంఘాల పేర్లు కలిసినంత సులువుగా వాడలు కలవలేదు. పెళ్లి సంబంధం దగ్గర, పాలకవర్గం ఎన్నికల దగ్గర ఆ సంగతి బయటపడుతూనే ఉంది.

రెండోది కాగితం గోడ. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మతం మారిన షెడ్యూల్డు కులాలవారిని, వారి సంతానాన్ని తెలుగునాట బీసీ-సి గ్రూపులో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. గుడికి వెళ్లినా ఊరి చివరి వాడ మారలేదు కదా, వివక్ష మారలేదు కదా అని వీరి వాదం. కులం లేదనే మతంలోకి వెళ్లి కులం పేరిట హక్కు అడగడమేమిటని అవతలివారి వాదం. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన ఈ విషయం పరిశీలనకు కమిషన్ వేసింది. దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లో చేర్చాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, నమ్మకం ఒకటి ఉండి రిజర్వేషన్ కోసం మరొకటి చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ చిక్కు పేర్ల దగ్గరే తేలుతుంది. బాప్తిస్మం రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో మరో పేరు ఉన్న పిల్లలు పల్లెల్లో కొత్త కాదు. గుడిలో కృపావరం అయినవాడు హాజరు పట్టీలో వెంకటేశ్వర్లు. తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలికే. పిల్లవాడి హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, రేపటి ఉద్యోగం ఆ ఒక్క గడిలో రాసిన మాట మీద ఆధారపడి ఉన్నాయి. అందుకు ఒప్పుకోక, వచ్చేది పోయినా సరే ఉన్న పేరే రాయించినవాళ్లూ ఉన్నారు. అలాంటి ఇళ్లలో బీసీ-సి సర్టిఫికెట్టు బైబిలులో మడతపెట్టి దాచుకుంటారు. కోత పండుగ రోజు అందరితోపాటు గంప నెత్తిన పెట్టుకుని వస్తారు. వేలంలో పాడతారు కూడా.