కోర్టును ఊరికి రప్పించిన చుండూరు

తెనాలి నుంచి బాపట్ల వెళ్లే దారిలో చుండూరు స్టేషన్ వస్తుంది. 2022లో జిల్లాలు మారాక ఈ ఊరు బాపట్ల జిల్లా రేపల్లె డివిజన్‌లోకి వచ్చింది. చుట్టూ కృష్ణా డెల్టా వరిచేలు. 1991 ఆగస్టు 6న ఆ చేలల్లోనే దళితులను వెంటాడి నరికారు. ఎనిమిది మందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు.

సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలైందంటారు. నా లెక్కలో అది సాకు. దళితవాడ కుర్రాళ్లు చదువుకున్నారు, రైల్వేలో కొలువులు తెచ్చుకున్నారు. ఆసామి దగ్గర పాలేరుగా కుదరాల్సిన అవసరం తీరింది. తలెత్తి నడిచారు. ఆసాములకు అదే కంటగింపయింది.

ఇది చుండూరు ఒక్కదాని కథే కాదు. మన దేశంలో ఈస్టిండియా కంపెనీ పాలనలో బానిసత్వానికి చట్టం అండ 1843లో పోయింది, అమెరికాలో 1865లో. రెండుచోట్లా కాగితం మీద విడుదలైన మనిషిని అప్పు, కౌలు, కూలి మళ్లీ ఆ పొలానికే కట్టేశాయి. కట్టు తెంచుకున్నవాడి మీదికి గుంపులు వచ్చాయి. 1955లో మిసిసిపిలో పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లవాడు ఎమ్మెట్ టిల్‌ను చంపి నదిలో పడేశారు. కొడుకును ఏంచేశారో లోకం చూడాలని తల్లి మామీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచింది. చుండూరు దళితులూ తమవాళ్లను ఊరవతల పూడ్చలేదు. ఊరి నడుమే సమాధి చేసి, ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు.

చుండూరుకు ఆరేళ్ల ముందు, 1985లో, దళితులపై జరిగిన కారంచేడు హత్యాకాండ దళిత మహాసభకు పురుడు పోసింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారు నడిపిన ఆ ఉద్యమమే చుండూరుకూ అండ. బాధితులు పరిహారంతో సరిపెట్టుకోలేదు, విచారణ మా ఊళ్లోనే జరగాలని పట్టుబట్టారు. చివరికి ప్రత్యేక కోర్టు చుండూరుకే వచ్చింది. నేరం జరిగిన నేల మీద, అందరూ చూస్తుండగా సాక్షులు నోరు విప్పడం చిన్న ధైర్యం కాదు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది.

2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. టిల్ కేసులో తెల్లవాళ్ల జ్యూరీ నిందితులను గంటా ఏడు నిమిషాల్లో వదిలేసింది, ఇక్కడ ఇరవై మూడేళ్లు పట్టింది. ఎనిమిది మంది పోయారు, చంపినవారంటూ ఎవరూ తేలలేదు. ఇది నాకు మింగుడుపడదు, చుండూరుకు అసలే పడలేదు. బాధితులు మళ్లీ కదిలారు. ఆ ఏడాది జులైలోనే హైకోర్టు తీర్పుపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.