పాత కారు – ముందు బ్రేకులు

మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయినా, ఆ కార్లు కొన్ని ఇంకా మన వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు బండి భారం ముందుకు ఒరుగుతుంది. అందువల్ల ముందు చక్రాల ప్యాడ్లే త్వరగా అరుగుతాయి. ఇంటివద్ద వాటిని మార్చదలచినవారు కేవలం జాకీని నమ్మి చక్రం విప్పరాదు. చదునైన నేలపై బండిని నిలిపి, వెనుక చక్రాలకు అడ్డుపెట్టి, ఇనుప స్టాండుపై భారాన్ని మోపాలి. ఇటుకలు పనికిరావు, అవి చెప్పకుండా పగులుతాయి. రెండువైపులా ప్యాడ్లను ఒకేసారి మార్చాలి, లేనిచో బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగవచ్చు. క్రొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక కాలిపర్‌లోని పిస్టన్‌ను మెల్లగా వెనుకకు నెట్టవలసి ఉంటుంది. పలువురు మరచేది ఆ తరువాతి సంగతినే. వెనుకకు జరిగిన పిస్టన్ ప్యాడ్లను తాకేవరకు బ్రేకు పడదు. మొదటిసారి త్రొక్కితే పెడల్ నేలదాకా దిగిపోతుంది. అందుచేత బండిని కదల్చకముందే, పెడల్ గట్టిపడేవరకు పలుమార్లు త్రొక్కి చూడాలి.