హార్డ్‌డిస్క్ పోయె... నాటకం సగమాయె!

బళ్లారి: "నలభై ఏండ్లకు పైగా మా నాయన ట్రంకుపెట్టెలో ఉన్నింది. ఏమీ కాలేదు. నా చేతికొచ్చి కంప్యూటర్లోకి ఎక్కినాక ఎనిమిదేండ్లకే పాయె. ఇంగెవుర్ని అనాల?"

కౌల్‌బజార్‌లో ఓ పాత మిద్దె ఇంటి వరండాలో కూర్చుని ఈ మాట అన్న అయ్యవారికి డెబ్బై దాటాయి. తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. పేరు మాత్రం రాయొద్దన్నారు. "నా తెలివితక్కువతనం పేపర్లో పేరుతో సహా ఎందుకప్పా?" అని నవ్వేశారు.

పోయింది ఆయన తండ్రి 1960ల్లో రాసిన పద్యనాటకం. ఐదు అంకాలు. రాఘవను ఊరి పేరుతో కలిపి 'బళ్లారి రాఘవ' అని పిలుచుకునే ఈ గడ్డ మీద నాటకం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అచ్చుకాని నాటకాలు ఇక్కడ ఎన్ని ఇళ్లలో ఉన్నాయో లెక్కపెట్టినవారు లేరు. వాటిలో ఇదొకటి.

నోటుపుస్తకాలు పాడైపోతున్నాయని 2008లో ఓ డీటీపీ షాపులో టైపు చేయించారు. వాళ్లిచ్చిన సీడీని ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం కూర్చుని తప్పులు దిద్దడం, ఏ పద్యం ఏ రాగంలో పాడేవారో పక్కన రాయడం, ఏ ఊర్లో ఎవరు ఏ వేషం కట్టారో చేర్చడం... అలా నాటకం కంటే నాటకం గురించిన సంగతులే ఎక్కువయ్యాయి. 2012లో నోటుపుస్తకాలకు చెదలు పట్టాయి. 'ఎట్లా కంప్యూటర్లో భద్రంగా ఉంది కదా' అని వాటిని పాతకాగితాలు కొనేవాడికి వేసేశారు. 2016 వేసవిలో ఓ మధ్యాహ్నం డబ్బాలోంచి టిక్, టిక్ అని చప్పుడు. అంతే సంగతులు.

"డి డ్రైవ్‌లో కూడా వేసినాను గదా!"

అయ్యవారు జాగ్రత్త తీసుకోలేదని కాదు. సి డ్రైవ్‌లో ఉన్న ఫైలును డి డ్రైవ్‌లో కూడా కాపీ చేసుకున్నారు. "రెండు చోట్ల ఉంది, ఒకటి పోయినా ఇంగోటి ఉంటాదనుకుంటి" అంటారు.

ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. ఇంటి కంప్యూటర్లలో సి, డి, ఇ అని మూడు కనిపించినా చాలావరకు లోపల ఉండేది ఒకే డిస్కు. దాన్నే ముక్కలు చేసి మూడు పేర్లు పెడతారు. ఒకే ట్రంకుపెట్టెలో మూడు అరలన్న మాట. పెట్టె పోతే మూడూ పోతాయి.

ఆ పెట్టె కూడా చాలా సున్నితమైనది. లోపల పళ్లేలు నిమిషానికి 5400, కొన్నింట్లో 7200 చుట్లు తిరుగుతుంటాయి. వాటిని చదివే ముల్లు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో, పళ్లేనికి తగలకుండా తేలుతూ ఉంటుంది. బళ్లారి దుమ్ము డిస్కు లోపలికి నేరుగా పోదు గానీ, డబ్బాలోని ఫ్యాన్‌కు పట్టి వేడి పెంచుతుంది. దానికి మన ఎండలు తోడు. టిక్ టిక్ అని వినిపిస్తే వెంటనే కరెంటు తీసేయాలి. అయ్యవారి ఇంట్లో మాత్రం రెండు రోజుల పాటు ఆన్ చేసి ఆఫ్ చేసి చూశారట. ఆ రెండు రోజుల్లో ముల్లు పళ్లేన్ని ఇంకా గీరేసి ఉంటుంది.

ఇప్పుడు వస్తున్న ఎస్ఎస్‌డీల్లో తిరిగేది ఏదీ లేదు. అందుకని అవి పోవని కాదు. చప్పుడు చేయకుండా పోతాయి. పొరపాటున చెరిపేసిన ఫైలును వాటిలోంచి మళ్లీ రాబట్టడం ఇంకా కష్టం.

బెంగళూరులో డేటా తీసిచ్చేవాళ్ల దగ్గరికి కొడుకు పట్టుకెళితే ముప్పై వేలు అడిగారు, గ్యారంటీ లేదన్నారు. తీరా విప్పి చూశాక ఏమీ రాదని తేల్చారు. డీటీపీ షాపు సీడీ ఏ డ్రైవ్‌లో పెట్టినా చదవలేదు. ఇంట్లో రాసుకునే సీడీల మీదుండే రంగు పూత వేడికి, చెమ్మకు చెడిపోతుంది. మన బీరువాల్లోని పెళ్లి సీడీలకూ ఇదే గతి. ఒకసారి పెట్టి చూడండి.

గుంతకల్లు కాపీ

కథ అక్కడితో ముగిసేదే. కానీ 2010లో అయ్యవారు నాటకం మొదటి మూడు అంకాలను గుంతకల్లులోని మేనల్లుడికి మెయిల్‌లో పంపారు. 'ఒకసారి చదివి చెప్పు' అని. అతను చదవలేదు, చెరపనూ లేదు. ఆ నిర్లక్ష్యమే కాపాడింది!

తెరిస్తే మళ్లీ చిక్కు. అక్షరాలకు బదులు పిచ్చి గీతలు. అప్పట్లో అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసిన పని అది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు తెలుగులా కనిపించదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచే యూనికోడ్ తెలుగుకు గౌతమి ఫాంటు ఉన్నా డీటీపీ షాపులు మాత్రం పాత పద్ధతిలోనే చాలాకాలం నడిచాయి. చివరికి అనంతపురంలో పాత కంప్యూటర్ ఇంకా ఉంచుకున్న ఓ ఆపరేటరు దొరికి, మూడు అంకాలూ బయటపడ్డాయి. శుభలేఖలు మొదలు స్మారక సంచికల దాకా సరిహద్దుకు ఇటువైపు తెలుగులో చేయించుకున్న పాత పనంతా ఇలాంటి ఫైళ్లలోనే ఉంది. ఫైలుతో పాటు ఒక పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

మూడు కాపీలు, రెండు రకాలు, ఒకటి వేరే ఊర్లో: కంప్యూటర్ తెలిసినవాళ్లు చెప్పే లెక్క ఇదే. కంప్యూటర్లో ఉన్నది ఒకటి, విడిగా కొన్న పోర్టబుల్ డిస్కులో ఒకటి, ఇంకొకటి ఇంట్లో కాకుండా. ఈ మూడోది అనవసరం అనిపిస్తుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం ఎలా అయిందో అక్కడి తెలుగువారిని అడగండి. 2022 జులైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. ఇల్లంతా మునిగితే కంప్యూటరూ, పక్కన సొరుగులోని డిస్కూ కలిసే మునుగుతాయి. మనకెలాగూ సరిహద్దుకు అటూ ఇటూ చుట్టాలున్నారు. బళ్లారికి గుంతకల్లు యాభై కిలోమీటర్లు. ఉగాదికి, దసరాకు వెళ్లేటప్పుడు ఓ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లడానికి బరువేం కాదు.

డిస్కును కాపీ అయిపోగానే ఊడదీసి పెట్టాలి. 2017 మేలో వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బులడిగింది. తగిలించి ఉన్న డిస్కులనూ ఇలాంటివి వదలవు.

ఇంటర్నెట్‌లో దాచుకోవడం తేలికే. గూగుల్ 15 జీబీ ఉచితంగా ఇస్తుంది. మెయిలు, ఫొటోలు అన్నీ కలిపి అంతే. ఫొటోలకు హద్దు లేకుండా ఇచ్చిన రోజులు 2021 జూన్ 1తో పోయాయి. రెండేళ్లు ముట్టుకోని ఖాతాను తీసేసే హక్కు కూడా ఆ కంపెనీ ఉంచుకుంది. పైగా ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయేలా కలిపి పెట్టుకున్నది నిజంగా రెండో కాపీ కాదు. చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంటుంది, గమనించేలోపే గడువు దాటిపోతుంది.

ఇంకోమాట. కాపీ చేసినదాన్ని అప్పుడప్పుడూ తెరిచి చూడాలి. 1998లో 'టాయ్ స్టోరీ 2' సినిమా ఫైళ్లు ఎవరో పొరపాటున చెరిపేస్తే, బ్యాకప్‌లు సరిగా పనిచేయడం లేదని పిక్సర్ వాళ్లకు అప్పుడు తెలిసింది. బిడ్డ పుట్టిందని ఇంటి నుంచి పనిచేస్తున్న ఉద్యోగిని దగ్గరున్న కాపీయే ఆదుకుంది. అంత పెద్ద స్టూడియోకూ ఓ గుంతకల్లు మేనల్లుడు కావాల్సి వచ్చాడు.

అన్నీ దాచాలని లేదు. విండోస్ మళ్లీ వేసుకోవచ్చు, సినిమాలు మళ్లీ దొరుకుతాయి. ఇంట్లో మాత్రమే ఉన్నవి, అంటే ఫొటోలు, దస్తావేజుల స్కాన్లు, పెద్దవాళ్ల గొంతులు, రాతలు ఏవో చూసుకుంటే చాలు. అయ్యవారి నాటకం ఐదు అంకాలూ కలిపినా ఒక సినిమా పాటంత ఫైలు కూడా కాదు. ఒక్క మెయిల్‌లో పోయేది.

మిగతా రెండు అంకాల కోసం ఇప్పుడు అయ్యవారు వారానికోసారి ఓ పాత నటుడి ఇంటికి వెళుతున్నారు. ఆ పెద్దాయనకు ఎనభై ఐదు. నాటకంలో కృష్ణుడి వేషం ఆయనదే. ఆయన పాడుతుంటే మనవరాలు ఫోన్‌లో రికార్డు చేస్తుంది. ఆ రాత్రే డిస్కులో ఒకటి వేసి, గుంతకల్లుకు ఒకటి పంపుతుంది. నాలుగో అంకంలో కృష్ణుడి పద్యాలు దాదాపు అన్నీ దొరికాయి.

"ఆయన పద్యాలు ఆయనకు పొల్లుపోకుండా వస్తాయి. ఎదురు వేషమోడు ఏమంటాడని అడిగితే మాత్రం, అది వాడికి తెల్సు గదా అంటాడు" అన్నారు అయ్యవారు. ఆ ఎదురు వేషం కట్టినాయన చనిపోయి చాలా ఏళ్లయింది.