కూర్చుని కొలవాల్సిన ఎత్తు

"ఇక్కడ ఓకేనా సార్?" అని అడిగాడు టీవీ బిగించడానికి వచ్చిన కుర్రాడు, 55 అంగుళాల తెరను గోడకు ఆనించి పట్టుకుని. మా కూకట్‌పల్లి ఫ్లాట్ హాల్లో అప్పుడు నలుగురం ఉన్నాం. నలుగురం నిలబడే ఉన్నాం. సోఫా నిండా అట్టపెట్టె, థర్మాకోల్ ముక్కలు. "ఇంకొంచెం పైకి, చిన్నాడి చెయ్యి అందకుండా" అంది మా ఆవిడ. బిల్డర్ పెట్టించిన ప్లగ్ పాయింట్ కూడా ఐదడుగుల ఎత్తులోనే ఉంది. అది టీవీ వెనక దాక్కుంటే చూడ్డానికి బాగుంటుందని నేనూ తలూపాను. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది.

మూడు వారాలకు ఊర్నుంచి అమ్మ వచ్చింది. అలవాటు ప్రకారం కింద చాప వేసుకుని, రెండు సీరియళ్లు చూసి, మెడ రుద్దుకుంటూ లేచింది. "ఇది టీవీయా, ధ్వజస్తంభమా?" అంది.

అప్పుడు టేపు తీశాను. నేల నుంచి టీవీ నడిమికి 64 అంగుళాలు. అనుమానం వచ్చి గోడకు ఆనుకుని నిలబడి నా కళ్ల ఎత్తు కొలిపించుకున్నాను. అదీ 64 అంగుళాలే. టీవీని అచ్చం నా కళ్లకు ఎదురుగానే పెట్టారు, కాకపోతే నేను నిలబడి ఉన్నప్పటి కళ్లకు.

సోఫాలో కూర్చుంటే మా కళ్లు నేలకు 42 అంగుళాల ఎత్తున ఉంటాయి. ప్లాస్టిక్ కుర్చీలో అయితే 46. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న అమ్మ కళ్లు 29. మీ ఇంట్లో ఈ అంకెలు రెండు మూడు అంగుళాలు అటూ ఇటూ మారతాయి. సోఫా మెత్తనైతే ఇంకాస్త దిగుతాయి. కానీ ఒకే హాల్లో చూసేవాళ్ల కళ్ల మధ్య అడుగున్నర దాకా తేడా ఉండటం మన ఇళ్లలో మామూలే. సోఫాలో కూర్చునేవాళ్లనే లెక్కలోకి తీసుకునే సలహాలు మనకు సగమే పనికొస్తాయి.

ఇక కోణం సంగతి. మా హాలు వెడల్పు 11 అడుగులు. సోఫా ఆక్రమించే చోటు పోను, కళ్ల నుంచి తెరకు 105 అంగుళాలు, అంటే దాదాపు 2.7 మీటర్లు. సోఫాలో ఉన్న నాకు టీవీ నడిమి 22 అంగుళాలు పైన ఉంది. అది 12 డిగ్రీల కోణం. పై అంచు అయితే 19 డిగ్రీలు. ఇది ఓర్చుకోవచ్చు. అమ్మ చాప తెరకు 7 అడుగుల దూరంలో ఉంది. ఆమెకు నడిమి 35 అంగుళాలు పైన, అంటే 23 డిగ్రీలు. పై అంచు 30 డిగ్రీలు. స్క్రోలింగ్ వార్తలు కింద వస్తాయి కాబట్టి సరిపోయింది గానీ, పై మూలన వచ్చే స్కోరు చూడాలంటే ఆమె తల వెనక్కి వాల్చాల్సిందే.

మనిషి హాయిగా కూర్చున్నప్పుడు చూపు తిన్నగా ముందుకు పోదు, కాస్త కిందికి వాలుతుంది. ఆ కాస్త 10, 15 డిగ్రీలు ఉంటుంది. పుస్తకం చదవడం, కూర తరగడం, పూలు కట్టడం, పనులన్నీ అటువైపే ఉన్నాయి. పైకి చూడాలంటే కళ్లు కొంత, మెడ కొంత పంచుకోవాలి. 15 డిగ్రీలు దాటితే మెడ వాటా పెరుగుతుంది. క్షణంసేపు అయితే పర్వాలేదు, రెండు గంటల సినిమాకు అలా కుదరదు.

దీనికి కోణమానిని అక్కర్లేదు. తెరకు మీ కళ్ల దూరం కొలిచి దాన్ని నాలుగుతో భాగించండి. కళ్ల ఎత్తుకు ఆ అంకె కలపండి. టీవీ పై అంచు అంతకంటే పైకి పోకూడదు. అది సుమారు 14 డిగ్రీల లెక్క. సోఫాలో నాకు 42కి 26 కలిపితే 68. చాప మీద అమ్మకు 29కి 21 కలిపితే 50. మా టీవీ పై అంచు ఎక్కడుందీ? 78లో.

ఇద్దరికీ నప్పేది వెతికితే రాజీ తప్పదు. నడిమి 42 అంగుళాలకు దించితే 28 అంగుళాల ఎత్తున్న మా టీవీ అడుగు 28లో, పై అంచు 56లో ఉంటాయి. సోఫాలో వాళ్లకు అచ్చంగా ఎదురు. చాపను ఒక్క అడుగు వెనక్కి జరిపితే అమ్మకు పై అంచు 16 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ఆమె కష్టంలో చాలావరకు టీవీ తీసింది, ఇంకొంత చాప తీసింది.

చాలామంది ఇక్కడ వంగే బ్రాకెట్ కొంటారు. పైన బిగించి కిందికి వంచితే సరిపోతుందని. వంచడం వల్ల రంగులు వెలవెలబోకుండా ఉంటాయి, ట్యూబ్‌లైట్ వెలుగు తెరలో కనబడటం తగ్గుతుంది. మెడకు మాత్రం ఏమీ ఒరగదు. తెర మీ వైపు తిరిగిందే తప్ప కిందికి రాలేదు కదా.

ఇంతకీ టీవీ ఎత్తున ఉండాలన్న ఆలోచన మనకెక్కడిది? నాకు తోచిన కారణం ఒకటుంది. మనలో చాలామంది టీవీని మొదట చూసింది ఇంట్లో కాదు. 1975 ఆగస్టులో మొదలై ఏడాది నడిచిన ఉపగ్రహ టీవీ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఊరికి ఒక టీవీ, ఊరంతా ప్రేక్షకులు. అలాంటి చోట తెర ఎత్తున ఉండాల్సిందే, లేకపోతే వెనక వరసవాళ్లకు ముందువాళ్ల తలలే కనబడతాయి. బస్టాండులో, టిఫిన్ హోటల్లో, ఆసుపత్రి వరండాలో ఇప్పటికీ అదే అవసరం. హాల్లో నలుగురికి ఆ ఎత్తెందుకు?

దూరం గురించి మనకున్న భయమూ అలాంటి పాతదే. "దగ్గర కూర్చుంటే కళ్లు పోతాయి" అని ప్రతి ఇంట్లో అనే మాట. 1967లో అమెరికాలో ఒక కంపెనీ తయారుచేసిన పెద్ద కలర్ టీవీల నుంచి పరిమితికి మించి ఎక్స్‌రేలు వస్తున్నాయని తేలి, దాదాపు 90,000 సెట్లను సరిచేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అక్కడ చట్టమే వచ్చింది. ఇప్పటి ఎల్‌ఈడీ తెరలో పాతకాలపు పిక్చర్ ట్యూబూ లేదు, ఎక్స్‌రేలు పుట్టించే వేల వోల్టులూ లేవు. దగ్గర కూర్చున్నందుకు కళ్లు పోవు. పిల్లాడు మాటిమాటికీ తెర దగ్గరికి పోతున్నాడంటే మాత్రం టీవీని కాదు, పిల్లాడి చూపును పరీక్ష చేయించాలి.

మరి ఎంత దూరం? దీనికి ఒక ముచ్చటైన అంకె ఉంది: 3,438. కంటి డాక్టరు 6/6 అని రాసే చూపు, ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తేడాను పట్టగలదు. 3,438ని తెర మీది గీతల సంఖ్యతో భాగిస్తే, గీతలు విడివిడిగా కనబడకుండా ఉండాలంటే తెర ఎత్తుకు ఎన్ని రెట్ల దూరంలో కూర్చోవాలో వస్తుంది. దూరదర్శన్ కాలం నుంచి ఉన్న మామూలు ప్రసారంలో కనబడే గీతలు 576, కాబట్టి 6 రెట్లు. ఫుల్ హెచ్‌డీలో 1,080, కాబట్టి 3.2 రెట్లు. 4కేలో 2,160, కాబట్టి 1.6 రెట్లు.

55 అంగుళాలు అనేది తెర మూల నుంచి మూలకు. అసలు బొమ్మ ఎత్తు 27 అంగుళాలే. 4కే వీడియోకి 43 అంగుళాల దూరం చాలు. హెచ్‌డీకి 7 అడుగుల చిల్లర. మామూలు చానెల్‌కి 162 అంగుళాలు, అంటే పదమూడున్నర అడుగులు. మా హాలే 11 అడుగులు! కొత్త టీవీలో కొత్త సినిమా అద్దంలా ఉండి, అమ్మ చూసే పాత పాటల చానెల్ మాత్రం అలుక్కుపోయినట్టు ఎందుకుందో అప్పుడు తెలిసింది. టీవీ పాడు కాలేదు, పెద్దదైంది. ఇంట్లో ఎక్కువగా నడిచేవి మామూలు చానెళ్లే అయితే 43 అంగుళాల టీవీ మేలు. దాని బొమ్మ ఎత్తు 21 అంగుళాలు, ఆరు రెట్లంటే పదిన్నర అడుగులు. షాపువాడు ఈ లెక్క చెప్పడు, చెప్తే ఆ చిన్నదే కొంటాం మరి.

సినిమా హాలు అనుభూతి కావాలనుకునేవాళ్లకు వేరే కొలత ఉంది. తెర వెడల్పు చూపులో 30 డిగ్రీలు ఆక్రమించాలంటారు. టీవీ సైజును 1.6తో హెచ్చిస్తే ఆ దూరం వస్తుంది. 55కి 88 అంగుళాలు, 65కి 104. పక్క నుంచి చూసే కోణాన్ని కూడా 30 డిగ్రీలకు మించనివ్వొద్దు. మా హాల్లో అది సోఫా నడిమి నుంచి అటూ ఇటూ ఐదేసి అడుగులు. గోడవారగా వేసిన దివాన్ మీద నుంచి చూసేవాళ్లకు మెడ పక్కకు పడుతుంది, రంగులూ మారతాయి.

కళ్ల విషయంలో టీవీ మీద మనం వేసే నింద చాలావరకు ఫోన్‌కి చెందాలి. కళ్లద్దాల పవర్ కొలిచే డయాప్టర్ లెక్కలో, 30 సెంటీమీటర్ల దూరంలోని ఫోన్ చూడటానికి కన్ను 3.3 మేర బిగుసుకోవాలి. 2.7 మీటర్ల దూరంలోని టీవీకి 0.37 చాలు. తొమ్మిది రెట్ల తేడా. పిల్లాడు టీవీ చూస్తానంటే కేకలేసి చేతిలో ఫోన్ పెట్టే పెద్దలు (నేనూ ఉన్నాను అందులో) ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

టీవీతో వచ్చేది వేరే బాధ, కంటి పొడితనం. మామూలుగా నిమిషానికి 15 సార్లు పైగా పడే రెప్పలు, తెరకు అతుక్కుపోయినప్పుడు సగానికి పడిపోతాయి. దానికితోడు పైకి చూస్తే రెప్పలు ఎక్కువగా విచ్చుకుని, కంటి తడి ఆరే చోటు పెరుగుతుంది. నెత్తిన సీలింగ్ ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే ఇక చెప్పేదేముంది. టీవీ దించితే మెడతో పాటు కళ్లకూ మేలు జరిగేది ఇందుకే.

ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్ల పాటు 20 అడుగుల అవతలి వస్తువును చూడమంటారు. మన చానెళ్లు ఈ సౌకర్యాన్ని ముందే ఏర్పాటు చేశాయి. కేబుల్ టీవీ నిబంధనల్లో ప్రకటనలకు గంటకు 12 నిమిషాల పరిమితి ఉంది. ఆ నిమిషాల్లో చేతికి ఫోన్ తీసుకోకుండా బాల్కనీలోకి వెళ్తే చాలు. ఓటీటీలో ఆ విరామం లేదు, ఒక భాగం ముగిసిన కొన్ని సెకన్లకే ఇంకోటి మొదలవుతుంది. ఆ ఆటోప్లేని సెట్టింగ్స్‌లో ఆపేయండి. పిల్లల సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది: రెండేళ్లు నిండేదాకా తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించొద్దు.

పడకగదిలో లెక్క మారుతుంది. దిండుకు ఆనుకుని పడుకున్నవాళ్ల చూపే పైకి ఉంటుంది కాబట్టి టీవీ ఎత్తున ఉండొచ్చు. కానీ అరవై దాటి, పైన దూరానికి, కింద చదవడానికి ఉన్న అద్దాలు వాడేవాళ్లకు ఇక్కడో చిక్కు. తల వెనక్కి వాలితే తెరను చదివే అద్దంలోంచి చూస్తారు, అంతా మసకే. వాళ్లకు టీవీ కోసం దూరపు చూపు అద్దాలు విడిగా చేయించడం మంచిది.

పాత చోటు నుంచి దించాలంటే మళ్లీ గోడ తవ్వాలి. డ్రిల్ బిట్ నుంచి రాలే పొడిని చూడండి. మొదటి అరంగుళం బూడిదరంగులో వస్తుంది, అది సిమెంటు ప్లాస్టరింగ్. తర్వాత ఎర్రగా వస్తే ఇటుక, గట్టి పట్టు. తెల్లటి మెత్తని పిండిలా వస్తే తేలికపాటి ఏఏసీ బ్లాకు. కొత్త అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఇదే. అందులో టీవీతో వచ్చిన మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు వదులవుతాయి, ఆ బ్లాకుల కోసం చేసినవే అడిగి తెచ్చుకోవాలి. జిప్సం బోర్డు అయితే వెనక ప్లైవుడ్డో ఫ్రేమో లేకుండా బిగించకూడదు. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్ పెట్టొద్దు, వైర్లు పోయే దారి అదే.

టీవీ బరువు 15 కిలోలనుకుందాం. గోడకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉండే మామూలు బ్రాకెట్‌లో, స్క్రూల వరసల మధ్య 20 సెంటీమీటర్లుంటే, పై వరసను బయటికి లాగే బలం 4 కిలోలలోపే. అదే ముందుకు లాగి తిప్పుకునే చేతి బ్రాకెట్‌ను 50 సెంటీమీటర్లు చాపితే ఆ లాగుడు 37 కిలోలు దాటుతుంది. అలాంటి బ్రాకెట్‌ను నాలుగున్నర అంగుళాల అడ్డగోడకు, అందులోనూ ఏఏసీ గోడకు నేనైతే బిగించను.

పోతే, బ్రాకెట్ ఎత్తూ టీవీ నడిమీ ఒకటి కావు. టీవీ వెనక బోల్టు రంధ్రాలు చాలా మోడళ్లలో నడిమికి కాస్త కిందో పైనో ఉంటాయి. పై రంధ్రం నుంచి టీవీ కింది అంచుకు కొలిచి, ఆ తర్వాతే గోడ మీద గీత గీయాలి. అంతకంటే ముందు పాత పేపర్లు అతికించి 48 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల ఎత్తున్న ముక్క చేసి, టేపుతో గోడకు అంటించి రెండు రోజులు చూసుకోండి. మేం రెండోసారి అలాగే చేశాం. మొదటి రోజు నడిమి 48లో, రెండో రోజు 42లో. అమ్మ చాప మీద నుంచే తీర్పు చెప్పింది.

పాత రంధ్రాలు నాలుగింటికీ పుట్టీ పెట్టించాం, ఐదడుగుల పాయింట్ ఇప్పుడు టీవీకి పైన బోసిగా కనబడుతోంది. చిన్నాడి చేతి ముద్రలు వారానికోసారి తుడుస్తున్నాం. మీ ఇంట్లో ఆ కుర్రాడు టీవీ ఎత్తి పట్టుకుని "ఇక్కడ ఓకేనా సార్?" అని అడిగినప్పుడు, సోఫా మీది అట్టపెట్టె పక్కకు తీసి ముందు కూర్చోండి. జవాబు ఆ తర్వాత చెప్పండి.