తూకానికి పోకముందే కత్తికో ఫొటో

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు సముద్రాలు దాటింది. 19వ శతాబ్దంలో సైతం పర్షియా వర్తకులు ఇక్కడికి వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తులపై నీటి అలల వంటి చారలుండటం విశేషం. అలాంటివి నేడు మ్యూజియంలలోనే చూడాలి. ఇళ్లలో మిగిలిన తాతలనాటి కత్తిపీటలు, కొడవళ్లు, గీత కత్తులు కూడా పాత ఇనుము కింద తూకానికి పోతున్నాయి. పోకముందే ఫొటో తీసి ఉంచితే ఆనవాలైనా మిగులుతుంది.

ఇందుకు ఖరీదైన కెమెరా అక్కరలేదు. దగ్గరి వస్తువును స్పష్టంగా పట్టేది, స్టాండుపై కదలకుండా నిలిచేది అయితే చాలు. కొత్తగా కొనేవారు 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు అమరేది చూసుకోవాలి. దానితో కాస్త దూరం నుంచే తీయవచ్చు. కత్తి నునుపులో కెమెరా బొమ్మ పడకుండా చూసుకోవడమూ తేలిక. సెల్‌ఫోన్‌ను మరీ దగ్గర పెడితే కత్తి ఆకారం చెడుతుంది. మూరెడు దూరాన ఉంచి 2 రెట్లు జూమ్ చేయాలి. ఫ్లాష్ వేస్తే ఆ మెరుపులో కమ్మరి ముద్ర కనిపించదు. కిటికీ పక్కన, పలుచని తెల్లగుడ్డ గుండా వచ్చే వెలుతురులో తీయడం మేలు. కొలత తెలిసేలా పక్కన స్కేలు ఉంచాలి.

చేసిన కమ్మరి పేరు, ఊరు, ఏ పనికి వాడిందీ ఫొటో వెనుక రాయాలి. లేకుంటే మనవలకు అది ఏ కత్తో తెలియదు.