కారు పొగగొట్టమునకు చిల్లి పడినచో

చేతులు మారి వచ్చిన పాతకారులు కృష్ణాడెల్టా గ్రామములలో నేడు వింత కాదు. పట్టణమున నుండు కుమారుడు కొత్తబండి కొనుకొని పాతదానిని తండ్రికి విడుచుట పరిపాటి యైనది. ఆసుపత్రికైనను, పెండ్లికైనను, విజయవాడలో రైలు నందుకొనుటకైనను ఆ బండియే దిక్కు. అట్టి బండి యొకనాడు దడదడ శబ్దము చేయ నారంభించును. చప్పుడే కదా యని కొందరు ఊరకుందురు. కొందరు బెదరి గొట్టము మొత్తము మార్పించి వేలకొలది రూపాయలు వ్యయపరతురు. ఈ రెండును తగవు. చిల్లి యెచ్చట పడినదో తెలిసినగాని దాని కెంత ఖర్చు పెట్టవలెనో తేలదు.

ఇంజనులో కాలిన వాయువు మొదట మేనిఫోల్డు అను పోతయినుప శాఖలగుండ వెలువడి, గొట్టమున బడి, మనము కూర్చుండు ఆసనముల క్రిందుగా సాగి, సైలెన్సరు అను డబ్బాలో చప్పు డణగి, తోకగొట్టమున బయటికి పోవును. ఇటీవలి పెట్రోలు కారులలో దారిమధ్యమున కాటలిటిక్ కన్వర్టరు అను మరియొక డబ్బా కలదు. అందు పూతగా నున్న ప్లాటినము, పల్లాడియము, రోడియము అను లోహములు విషవాయువులను చాలవరకు విరిచివేయును.

గొట్టమునకు శత్రువు నీరు. బురదనీరును, దివిసీమవైపు ఉప్పుగాలియు వెలుపలినుండి తినుట యెల్లరకు తెలిసినదే. లోపలినుండి తినెడి నీటిని మాత్రము పలువురెరుగరు. ఒక లీటరు పెట్రోలు కాలినచో ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. బండి దూరము నడచినచో గొట్టము కాగి ఆ యావిరి వెడలిపోవును. ఇంటినుండి కాలువగట్టువరకు పోయి వచ్చు బండిలో నది చల్లబడి సైలెన్సరు అడుగున నిలిచి త్రుప్పు పట్టించును. కావుననే తక్కువ తిరిగిన బండి సైలెన్సరు ముందుగా చిల్లిపడుట కద్దు. ఉదయమున తోకగొట్టమునుండి నీటిబొట్లు రాలుట దోషము కాదు. కొన్ని సైలెన్సరుల యడుగున నీరు కారుటకై తయారుచేసినవారే సన్నని రంధ్ర ముంచెదరు, దానిని పూడ్చరాదు.

ఇక అపాయము సంగతి. కొండమీద పొగను జూచి నిప్పు నూహించుట తర్కము చదివిన వారందరకు మొదటి పాఠము. పొగ లేని నిప్పునకు కాలిన యినుపగుండును దృష్టాంతముగా జెప్పుదురు. కారు విషము ఆ రెండవ తెగకు చెందినది. కార్బన్ మోనాక్సైడు అను ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ప్రాణవాయువును మోయు పదార్థమును అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. మొదట తలనొప్పి, పిదప వాంతి, మగత కలుగును. ఎక్కువైనచో మెలకువ రాదు. పొగ కనబడలేదు కావున భయము లేదను అనుమానము ఇచ్చట చెల్లదు. కారెక్కినప్పుడెల్ల పిల్లలకు తలనొప్పి వచ్చి, దిగిన పిమ్మట తగ్గుచున్నచో ఎండదెబ్బ యని త్రోసివేయక గొట్టమును చూపింపవలెను.

చిల్లిని కనుగొనుట కష్టము కాదు. బండి చల్లగా నున్నప్పుడు, కొట్టములో గాక ఆరుబయట ఇంజను నడిపించి, ఒకరు మందపు గుడ్డమడతతో తోకగొట్టమును క్షణకాలము మూయవలెను; ఇంకొకరు ప్రక్కన నిలిచి బుసబుస యెచ్చట వచ్చునో వినవలెను. చల్లని అతుకులపై సబ్బునీరు చల్లినచో బుడగలు లేచును. ఇంజను ఆపి చూచినను మసి చార చోటు చెప్పును. క్రిందికి దూరవలసివచ్చినచో జాకీని నమ్మరాదు. చక్రములకు అడ్డుపెట్టి, గట్టి కొయ్యదిమ్మెలపై బండిని నిలుపవలెను.

చిల్లి సైలెన్సరు వెనుక నున్నచో మితవ్యయమునకు అవకాశము కలదు. త్రుప్పును తీగబ్రష్షుతో మెరయునట్లు గీకి, పొగగొట్టములకని అమ్ము వేడికోర్చు ముద్దను పట్టించి, పైన పాలపొడి డబ్బా రేకును చుట్టి రెండు క్లాంపులు బిగించినచో కొన్ని నెలలు గడుచును. నీటిగొట్టములకు వాడు రెండురంగుల ముద్ద ఇందుకు పనికిరాదు. వేడికి మెత్తబడి యూడును. తోకగొట్టము విరిగినచో మరల బండి వెలుపలివరకు సాగునట్లే అతికింపవలెను. పొట్టిగా విడిచినచో వాయువు అడుగుననే చేరి లోనికి వచ్చును.

ఆసనముల క్రిందనో ఇంజను దగ్గరనో కారుచున్నచో ముద్దలతో సరిపుచ్చరాదు. అయినను అది పెద్దఖర్చే యనుకొనవలదు. మా బండికి ఒక కొట్టువాడు గొట్టమంతయు మార్చవలె ననెను. ఆటోనగరులో మరియొక పనివాడు క్రిందికి దూరి మసిచారను చూపి, రెండు గొట్టముల నడుమ గాస్కెట్టు మాత్రము మార్చి, తుప్పుబోల్టులు తీసి కొత్తవి బిగించెను. కొత్తగొట్టము వెలలో అది పదియవ వంతు కాలేదు. పైగా ముందుభాగపు చిల్లి వలన వెలుపలిగాలి లోనికి చొచ్చి, ప్రాణవాయువును కొలుచు సెన్సారును తప్పుదారి పట్టించి, పెట్రోలు వృథా చేయించును.

పటమటకు సమీపముననున్న ఆ ఆటోనగరులో కొలిమి, లేతు, వెల్డింగు అన్నియు ఒకేచోట దొరకును. అచ్చట మూడు మాటలు ముందే చెప్పవలెను. విద్యుత్తుతో వెల్డింగు చేయునెడల బాటరీతీగను విప్పుమనుడు. జింకుపూత గల కప్పురేకును అతుకు వేయనీయకుడు. దాని పొగ పనివానికి చలిజ్వరము తెచ్చును. కన్వర్టరును కోసివేసి ఉత్తగొట్టము పెట్టెదము, ఖర్చు తగ్గునని యెవరైన నన్నచో ఒప్పుకొనకుడు. ఆ లోహముల వెల వానికి తెలియును; కాలుష్య ధ్రువపత్రము రాక తిరుగుట మీ వంతగును.

పని ముగిసిన తరువాత డబ్బు చెల్లింపకముందే ఇంజను నడిపించి, అతుకుమీద సబ్బునీరు మరల చల్లి చూడుడు.